బరువు లాగే పాత పికప్‌కు ఏ ఇంజన్: ఓవర్‌హాలా, స్ట్రోకరా, కొత్త తరం వీ8నా, డీజిలా?

పాత పికప్‌కు ట్రైలర్ తగిలించి ఎత్తు ఎక్కుతున్నప్పుడు యాక్సిలరేటర్ అడుగంటా తొక్కిపెట్టినా వేగం గంటకు 80 కిలోమీటర్ల నుంచి 60కి, అక్కడి నుంచి 45కి జారిపోతూ, వెనుక అద్దంలో వాహనాల బారు పెరిగిపోతూ ఉంటే, ఇంజన్ చాలడం లేదన్న నిర్ణయానికి రావడం ఎవరికైనా సహజమే. ఆ నిర్ణయం చాలాసార్లు సగమే నిజం. ఇంజన్‌లో ఉన్న శక్తి సరైన గేరులో చక్రాల దాకా చేరకపోయినా, ఉన్న ఇంజనే బోరుకు వచ్చి తన పాత శక్తిలో కొంత పోగొట్టుకున్నా, వేడిని బయటికి పంపలేక డ్రైవరే కాలు వెనక్కి తీయాల్సి వచ్చినా, బయటికి కనిపించే లక్షణం ఒక్కటే. నా మొగ్గు ఎటో ముందే చెప్పడం మంచిది. ట్రైలర్ బరువు రెండు, రెండున్నర టన్నుల లోపు అయితే ఉన్న ఇంజన్‌నే బాగుచేయించి వెనుక యాక్సిల్ గేర్లు మార్చడం మేలు. మూడు నుంచి నాలుగు టన్నులు తరచుగా లాగేవారికి 1999 తర్వాతి ఫ్యూయల్ ఇంజెక్షన్ వీ8ను (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న ఇంజన్‌ను) దానికి జతగా తయారైన గేర్‌బాక్స్‌తో సహా వేయడం మేలు. డీజిల్ మార్పిడి అంతకు మించిన పనికీ, ఆ బరువు మోయగల చాసిస్‌కూ మాత్రమే తగినది. ఈ అభిప్రాయానికి ఎలా వచ్చానో, ఎక్కడెక్కడ దానికి మినహాయింపులున్నాయో కింద వివరిస్తాను.

అసలు ఎంత శక్తి కావాలి

బండి, ట్రైలర్, సరుకు, మనుషులు అన్నీ కలిపి 5,000 కిలోలు అనుకుందాం. ఆ మొత్తాన్ని 6 శాతం వాలు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఎక్కించడానికి, కేవలం బరువును పైకి లేపే పనికే సుమారు 65 కిలోవాట్లు కావాలి. టైర్ల రాపిడికి మరో 13, ట్రైలర్ ఎత్తైన పెట్టెలా ఉంటే గాలి నిరోధానికి ఇంకో 23 కిలోవాట్ల దాకా ఖర్చవుతాయి. చక్రాల దగ్గర అవసరమైన ఈ 101 కిలోవాట్లకు, గేర్‌బాక్స్‌లోనూ యాక్సిల్‌లోనూ పోయే 15 శాతం నష్టాన్ని కలుపుకుంటే ఫ్లైవీల్ దగ్గర, అంటే ఇంజన్ శక్తి బయటికి వచ్చే చోట, దాదాపు 119 కిలోవాట్లు, అంటే 160 హార్స్‌పవర్ ఉండాలి.

ఈ 160 అన్న అంకెతో ఒక పోలిక చూడవచ్చు. 1989 మోడల్ డాడ్జ్ ర్యామ్‌లో వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజన్ రేటింగ్ 160 హార్స్‌పవర్. 1980ల తొలి సంవత్సరాల్లో బరువు పనికి ఇచ్చిన కార్బురేటర్ షెవ్రోలే 5.7 లీటర్ల ఇంజన్ రేటింగ్ కూడా ఆ దరిదాపుల్లోనే ఉంది. కాగితం మీద రెండూ సమానమే. అయితే కమిన్స్ ఆ శక్తిని 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఇస్తుంది, 1,700 దరిదాపుల్లోనే 542 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) చూపుతుంది. పెట్రోల్ ఇంజన్ అదే శక్తి కోసం 3,800 దాకా అరవాలి. 119 కిలోవాట్లు 2,500 ఆర్‌పీఎం దగ్గర రావాలంటే 455 న్యూటన్ మీటర్లు కావాలి. 4,000 దగ్గర అయితే 284 చాలు. ఎత్తు మీద వేగాన్ని నిర్ణయించేది శక్తి. ఆ శక్తి ఎంత మోతతో, ఏ గేరులో, ఇంజన్ ఎంత తేలిగ్గా ఊపిరి తీస్తుండగా దొరుకుతుందో నిర్ణయించేది టార్క్. లోడు లాగడానికి టార్క్ ఒక్కటే చాలునని వినిపించే మాటలో ఈ రెండో సగం ఉంది గాని మొదటి సగం లేదు. 1965 నుంచి 1996 దాకా తయారైన ఫోర్డ్ 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ దీనికి మంచి ఉదాహరణ: 2,000 ఆర్‌పీఎం దగ్గరే మంచి టార్క్ ఇస్తుంది కాబట్టి ఎంత బరువునైనా నిలిచిన చోటు నుంచి నిమ్మళంగా కదుపుతుంది, కాని దాని మొత్తం శక్తి 150 హార్స్‌పవర్ మాత్రమే కాబట్టి పైన చెప్పిన ఎత్తు మీద ముందు వాహనాలను దాటే వరుసలోకి వెళ్లే ఆశ పెట్టుకోకూడదు.

పాత రేటింగులను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అమెరికన్ తయారీదారులు 1972 మోడల్ నుంచి నెట్ రేటింగుకు మారారు. అంతకుముందు ఇచ్చినవి ఫ్యాను, ఎయిర్ క్లీనర్, బండి సైలెన్సర్ లేకుండా టెస్ట్ బెంచి మీద కొలిచిన గ్రాస్ అంకెలు. 1970 నాటి పుస్తకంలోని 250ని, 1996 నాటి 250ని పక్కపక్కన పెట్టి సమానమనుకుంటే తప్పు లెక్క అవుతుంది. టర్బో లేని ఏ ఇంజనైనా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు పదో వంతు శక్తి పోగొట్టుకుంటుందన్నది కూడా కొండ దారుల్లో తిరిగేవారు లెక్కలో వేసుకోవాలి.

ఉన్న ఇంజన్‌ను నమ్మాలా, దించాలా

ఇంజన్ దించాలని నిర్ణయించే ముందు ఒక పూట పరీక్షలకు కేటాయించాలి. మొదటి పరీక్ష నవ్వు తెప్పించేంత చిన్నది: ఇంజన్ ఆపి, ఒకరు లోపల కూర్చుని యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కుతుంటే మరొకరు ఎయిర్ క్లీనర్ మూత తీసి కార్బురేటర్ లోపలికి చూడాలి. కేబుల్ సాగిపోయో, పెడల్ కింద కార్పెట్ అడ్డుపడో థ్రాటిల్ పలక ముప్పావు వంతే తెరుచుకుంటున్న బండ్లు నేను ఒకటి కంటే ఎక్కువే చూశాను.

రెండోది టైమింగ్ గొలుసు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంక్ పుల్లీని చేత్తో ఒక దిక్కుకు తిప్పి ఆపి, మళ్లీ ఎదురు దిక్కుకు మెల్లగా తిప్పుతూ రోటర్ ఎప్పుడు కదలడం మొదలుపెడుతుందో చూడాలి. క్రాంక్ పదేసి డిగ్రీలు తిరిగినా రోటర్ కదలకపోతే గొలుసు సాగిందని అర్థం. సాగిన గొలుసు క్యామ్‌ను (వాల్వులను తెరిచే ఇరుసును) వెనకబెడుతుంది, వెనకబడిన క్యామ్ సరిగ్గా లోడు లాగే 1,500–2,500 ఆర్‌పీఎం మధ్యనే టార్క్‌ను తినేస్తుంది. 1970ల ఫోర్డ్ 7.5 లీటర్ల ఇంజన్లలోనైతే కాలుష్య నియంత్రణ కోసం కంపెనీయే క్యామ్‌ను కొన్ని డిగ్రీలు వెనక్కి పెట్టింది. వాటిలో వెనక్కి జరపని టైమింగ్ సెట్టు వేస్తే అడుగు ఆర్‌పీఎంలలో కనిపించే తేడాకు, ఆ చిన్న పనికి పొంతన ఉండదు.

మూడోది కంప్రెషన్ పరీక్ష. ఇంజన్ వేడెక్కి ఉండగా అన్ని ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచిపెట్టి, ఒక్కో సిలిండర్‌ను ఐదారు సార్లు తిప్పి కొలవాలి. అన్నిటికంటే తక్కువ వచ్చినది, అన్నిటికంటే ఎక్కువ వచ్చినదానిలో నాలుగింట మూడు వంతులకు తగ్గకూడదు. తగ్గినచోట ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, అంకె పెరిగితే రింగులదీ బోరుదీ లోపం, పెరగకపోతే వాల్వులదో హెడ్ గ్యాస్కెట్‌దో. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోతే ముందు గ్యాస్కెట్‌నే అనుమానించాలి.

ఈ మూడూ బాగుండి కూడా బండి ఎత్తు మీద కాలు వెనక్కి తీయిస్తుంటే అది వేడి సమస్య కావచ్చు. నా సొంత బండిలో ఒక వేసవిలో ట్రైలర్‌తో పొడవైన ఎత్తు ఎక్కినప్పుడల్లా ఉష్ణోగ్రత ముల్లు ముప్పావు వంతు దాటి ఎర్ర గీత వైపు పాకేది. హీటర్ పూర్తిగా తిప్పి, అద్దాలు దించి, చెమటలు కక్కుతూ పైకి చేరేవాళ్లం. హెడ్ గ్యాస్కెట్ పోయిందని హెడ్లు విప్పడానికి సిద్ధపడ్డాను. విప్పే ముందు ఒకసారి వేడి ఇంజన్ ఆపి ఫ్యాను రెక్కను వేలితో తోస్తే అది గాలిమరలా నాలుగు చుట్లు తిరిగింది. వేడిలో ఫ్యాన్ క్లచ్ (ఫ్యానును ఇంజన్‌కు కలిపే భాగం) గట్టిగా పట్టి ఉండాలి, తోస్తే అర చుట్టు కూడా తిరగకూడదు. క్లచ్ మార్చాక అదే ఎత్తు మీద ముల్లు నడిమి గీత దాటలేదు. కొత్త ఇంజన్ వేసి ఉంటే అదే ఫ్యాన్ క్లచ్ దాని ముందు కూడా అలాగే తిరిగేది.

వెనుక యాక్సిల్ గేర్లు: అందరూ చివర పెట్టుకునే పని

ఇంధనం పొదుపు కోసం 1970ల చివర, 1980లలో చాలా తేలిక పికప్‌లకు 2.73 లేదా 3.08 నిష్పత్తి క్రౌన్ పినియన్లు (వెనుక యాక్సిల్‌లోని గేర్ల జత; చక్రం ఒక చుట్టుకు ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో ఆ అంకె చెబుతుంది) వేశారు. ఖాళీ బండికి అవి బాగానే ఉంటాయి. 3.08ని 4.10కి మారిస్తే చక్రాల దగ్గర టార్క్ ప్రతి గేరులోనూ 33 శాతం పెరుగుతుంది. ఇంజన్ టార్క్‌ను ఒక్క దెబ్బన మూడో వంతు పెంచే బోల్ట్-ఆన్ భాగం ఏదీ లేదు.

దానికి చెల్లించే మూల్యం ఆర్‌పీఎం. 76 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న టైర్లతో గంటకు 90 కిలోమీటర్ల వేగంలో డైరెక్ట్ గేరులో (గేర్‌బాక్స్ ఇంజన్ వేగాన్ని మార్చకుండా పంపే గేరులో) ఇంజన్ 3.08తో సుమారు 1,930 ఆర్‌పీఎం తిరిగితే, 4.10తో 2,575 తిరుగుతుంది. ఖాళీగా రోజూ దూరాలు తిరిగే బండికి ఇది చికాకే. ఇక్కడే ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ తక్కువ తిరిగినా బండి అదే వేగంతో పోయే పై గేరు) ఉన్న గేర్‌బాక్స్ విలువ తెలుస్తుంది: 0.70 ఓవర్‌డ్రైవ్ ఉంటే 4.10తో కూడా ఆర్‌పీఎం 1,800 దగ్గరకు దిగుతుంది, అంటే పాత గేర్లతో ఉన్నదానికంటే తక్కువే. గేర్లు మార్చేటప్పుడు కొన్ని యాక్సిల్స్‌లో నిష్పత్తి ఒక హద్దు దాటితే లోపలి క్యారియర్ కూడా మార్చాలి. నాలుగు చక్రాలూ తిరిగే బండి అయితే ముందు యాక్సిల్‌కు కూడా అదే నిష్పత్తి వేయాలి, లేకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనుక యాక్సిల్స్‌కు శక్తి పంచే పెట్టె) బిగుసుకుంటుంది. స్పీడోమీటర్ గేరు కూడా సరిచేయించాలి. పినియన్ బిగువు, పళ్ల పట్టు సరిగా చూసి బిగించగల చెయ్యి దొరకడం మాత్రం ముఖ్యం, ఎందుకంటే తప్పుగా బిగించిన క్రౌన్ పినియన్ మొదటి వంద కిలోమీటర్లలోనే ఊళ పెడుతుంది.

ఓవర్‌హాల్, స్ట్రోకర్

పరీక్షల్లో ఇంజన్ నిజంగా బోరుకు వచ్చిందని తేలితే, ఎలాగూ దించాలి కాబట్టి అదే కొలతలో కాకుండా కొంచెం పెంచి కట్టించుకోవడం తెలివైన పని. షెవ్రోలే 5.7 లీటర్ల ఇంజన్ ఉన్నవారికి ఈ దారి మరీ సులువు. అదే బ్లాకును 0.030 అంగుళం బోరు చేసి, 3.48 అంగుళాల స్ట్రోకు క్రాంక్ బదులు 3.75 అంగుళాలది వేస్తే 383 క్యూబిక్ అంగుళాల, అంటే 6.3 లీటర్ల ఇంజన్ వస్తుంది. ఇలా స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, పెంచి కట్టినదే స్ట్రోకర్. ఇంజన్ మౌంట్లు, గేర్‌బాక్స్, పుల్లీలు, రేడియేటర్ గొట్టాలు ఏవీ మారవు. బయటినుంచి చూసినవారికి ఇంజన్ మారినట్టే తెలియదు.

ఇక్కడ తప్పు జరిగేది క్యామ్ ఎంపికలో. 0.050 అంగుళం లిఫ్ట్ దగ్గర 190 నుంచి 210 డిగ్రీల లోపు డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండే వ్యవధి) ఉన్న క్యామ్ లోడుకు సరిపోతుంది. కేటలాగులో పక్క వరుసలోనే ఉండే 230 డిగ్రీల క్యామ్ హార్స్‌పవర్ అంకెను పెంచి చూపిస్తుంది, ఆ పెంపంతా 4,500 ఆర్‌పీఎం పైన ఉంటుంది, ఆ చోటికి ట్రైలర్‌తో ఎప్పుడూ వెళ్లం. కంప్రెషన్ నిష్పత్తిని కూడా తొమ్మిది, తొమ్మిదిన్నర దాటనీయకపోవడం మంచిది, ఎందుకంటే నిమిషాల తరబడి నిండు థ్రాటిల్ మీద ఉండే ఇంజన్‌కు నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) ముప్పు, క్షణకాలం ఉరికే ఇంజన్‌కంటే చాలా ఎక్కువ. బ్లాకు 1970ల తొలినాళ్లకంటే పాతదైతే హెడ్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు గట్టివి వేయించాలి. సీసం లేని పెట్రోలుతో మెత్తటి సీట్లు అరిగి వాల్వులు లోపలికి దిగిపోయేది సరిగ్గా ఇలాంటి భారీ లోడు మీదే. పాత తరహా ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ ఉంచుకునేవారు జింక్ ఎక్కువగా ఉన్న ఆయిల్ వాడాలి, మొదటిసారి స్టార్ట్ చేశాక ఇరవై నిమిషాల పాటు 2,000 ఆర్‌పీఎం కిందికి దించకూడదు.

హెడర్లు (గొట్టాలతో చేసిన ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు), పెద్ద సైలెన్సర్ గొట్టం, థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ కిట్ లాంటివి ఈ ఓవర్‌హాల్‌కు తోడుగా పనికొస్తాయి గాని వాటంతట అవే లోడు సమస్యను తీర్చవు. ఇంజెక్షన్ కిట్ వల్ల చల్లటి ఉదయాల్లో స్టార్టింగ్, కొండల మీద మిశ్రమం కుదురుగా ఉండటం మెరుగవుతాయి, ఎత్తు మీద వేగం పెద్దగా మారదు. పాత పెట్రోల్ ఇంజన్ మీద సూపర్‌చార్జరో టర్బోనో బిగించి ట్రైలర్ లాగాలన్న ఆలోచనను నేను ప్రోత్సహించను: పదిహేను నిమిషాల నిండు లోడులో పుట్టే వేడిని తట్టుకునేలా పిస్టన్లు, ఇంటర్‌కూలర్, ఇగ్నిషన్ నియంత్రణ అన్నీ సమకూర్చేసరికి అది వేరే ఇంజన్ వేసినంత పనే అవుతుంది, నమ్మకం మాత్రం తక్కువగానే ఉంటుంది.

1999 తర్వాతి వీ8

జనరల్ మోటార్స్ 1999 నుంచి పికప్‌లలో వేసిన పోత ఇనుప బ్లాకు 5.3, 6.0 లీటర్ల ఇంజన్లు ఈ పనికి బాగా ప్రాచుర్యం పొందాయి, కారణం వాటి శక్తి ఒక్కటే కాదు. 6.0 లీటర్ల ఎల్‌క్యూ4 ఇంజన్ 300 హార్స్‌పవర్ స్థాయిది. పైన లెక్క వేసిన 160 దానికి సగం కంటే కాస్త ఎక్కువ, అంటే మన ఎత్తు మీద అది ఊపిరాడక పెనుగులాడదు. పాత ఇంజన్ తన శక్తినంతా ఖర్చు పెట్టే చోట ఇది తీరుబడిగా పనిచేస్తుంది, వేడి, అరుగుదల అందుకు తగ్గట్టే తగ్గుతాయి.

దీనికి జతగా వచ్చే 4ఎల్80ఈ గేర్‌బాక్స్ మరో బలం. పాత టర్బో హైడ్రామాటిక్ 400 పునాది మీద ఓవర్‌డ్రైవ్, లాకప్ కన్వర్టర్ (ఇంజన్‌ను గేర్‌బాక్స్‌కు జారకుండా కలిపే భాగం) కలిపి 1991 నుంచి తయారైన ఈ గేర్‌బాక్స్ బరువు పనికి పుట్టినదే. చాలా 5.3 ఇంజన్ల వెనుక ఉండే 4ఎల్60ఈ అలాంటిది కాదు. 5.3 ఇంజన్‌ను 4ఎల్60ఈతో సహా తక్కువలో తెచ్చి నాలుగు టన్నులు లాగాలనుకునేవారు రెండో వేసవికి గేర్‌బాక్స్ విప్పే అవకాశం ఎక్కువ.

మార్పిడిలో ఇంజన్ మౌంట్లు, ఆయిల్ సంపు ఆకారం, సైలెన్సర్ మ్యానిఫోల్డులు బండి ఫ్రేముకు కుదరాలి. వీటికి రెడీమేడ్ భాగాలు దొరుకుతాయి. ఎక్కువమంది తక్కువగా అంచనా వేసేది ఇంధనం సరఫరాను. కార్బురేటర్‌కు 0.4 బార్ ఒత్తిడి సరిపోయేది, ఈ ఇంజన్లకు 4 బార్ కావాలి, కాబట్టి ట్యాంకులోనే కొత్త పంపు, ఒత్తిడి తట్టుకునే గొట్టాలు వేయాల్సి ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలను క్లిప్పులతో బిగించి సర్దుకుందామనుకోవడం నిప్పుతో చెలగాటమే. వైరింగ్, కంప్యూటర్ భాగం చూసి భయపడేవారు, ఇంజన్ తీసిన దాత బండి నుంచి కంప్యూటర్, వైరింగ్ కట్ట, ఆక్సిజన్ సెన్సర్లు, యాక్సిలరేటర్ పెడల్ అన్నీ ఒకే బండివి తెచ్చుకుంటే సగం సమస్య తీరుతుంది.

కొనేటప్పుడు రెండు సంగతులు గమనించాలి. 1999, 2000 సంవత్సరాల ఎల్‌క్యూ4లో హెడ్లు ఇనుపవి, క్రాంక్ వెనుక అంచు తర్వాతివాటికంటే సుమారు 10 మిల్లీమీటర్లు పొడవు. పాత గేర్‌బాక్స్‌కు జతచేసేటప్పుడు ఈ కొలత తేడా వల్ల కన్వర్టర్ కుదరక ఇబ్బంది పడతారు. 2007 తర్వాతి చాలా 5.3 ఇంజన్లలో తేలిక లోడులో సగం సిలిండర్లను ఆపే ఏర్పాటు ఉంటుంది. దాని లిఫ్టర్లు (వాల్వులను ఎత్తే భాగాలు) ఇబ్బంది పెట్టడం తెలిసిన విషయమే కాబట్టి ఆ ఏర్పాటు లేని ఇంజన్ వెతకడం మేలు.

డీజిల్

డీజిల్ అనగానే లోడుకు అదే సరైనదని అనుకోవడం పొరపాటు. 1982లో వచ్చిన జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల టర్బో లేని డీజిల్ రేటింగ్ 130 హార్స్‌పవర్ స్థాయిలోనే ఉంది. పొదుపు కోసం పుట్టిన ఆ ఇంజన్‌ను బరువు కోసం వేసుకుంటే, దించిన పెట్రోల్ ఇంజనే నయమనిపిస్తుంది. ఫోర్డ్‌లో 1994 మధ్య నుంచి 2003 దాకా వచ్చిన 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ గట్టి ఇంజనే, కాని ఆయిల్ ఒత్తిడితో పనిచేసే దాని ఇంజెక్టర్లు, వాటిని నడిపే కంప్యూటర్ కారణంగా అది తన సొంత బండిలో ఉన్నంత హాయిగా వేరే బండిలో ఇమడదు.

మార్పిడికి ఎక్కువమంది ఎంచుకునేది కమిన్స్ 5.9. అందులోనూ 1989–1998 మధ్య వచ్చిన 12 వాల్వులది, ఎందుకంటే సిలిండర్లలోకి డీజిల్ కొట్టే దాని పంపు పూర్తిగా మెకానికల్. ఇంజన్ నడిచేటప్పుడు దాన్ని ఆపే సోలినాయిడ్‌కు (కరెంటుతో కదిలే మీటకు) తప్ప మరి దేనికీ కరెంటు అక్కర్లేదు. 1994 నుంచి వేసిన బాష్ పీ7100 పంపుకు ముందరి వీఈ పంపుకంటే శక్తి పెంచుకునే వీలు ఎక్కువ. 1998 మధ్య నుంచి 2002 దాకా ఉన్న 24 వాల్వులదానిలో వీపీ44 ఎలక్ట్రానిక్ పంపు ఉంటుంది. ట్యాంకు వైపు నుంచి ఇంధనం తెచ్చే లిఫ్ట్ పంపు బలహీనపడితే ఆ వీపీ44 కూడా పోతుంది. ఆ తరం బ్లాకుల్లో పక్కన 53 అన్న అంకె పోత పోసి ఉన్నవాటికి నీటి జాకెట్ దగ్గర పగుళ్లు రావడం తెలిసిన విషయం, కాబట్టి కొనే ముందు టార్చి వేసి ఆ అంకె చూడాలి. 12 వాల్వులదానిలోనూ ఒక లోపం ఉంది: ముందు గేర్ల పెట్టెలో ఒక చిన్న ఉక్కు డోవెల్ పిన్ను కాలక్రమంలో జారి గేర్ల మధ్య పడవచ్చు. ఇంజన్ బయట ఉన్నప్పుడే ఆ పిన్నును అడ్డు పలకతో బంధించడం ఒక గంట పని. బండిలో వేశాక అదే పని ఒక రోజు.

ఇక అసలు చిక్కు బరువు. ఈ ఇంజన్ 500 కిలోల దరిదాపుల్లో ఉంటుంది, అంటే పాత 5.7 పెట్రోల్ ఇంజన్‌కంటే దాదాపు 240 కిలోలు అదనం, అదంతా ముందు యాక్సిల్ మీదే. ముందు స్ప్రింగులు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ పెట్టె, బ్రేకులు అన్నీ ఆ బరువుకు తగినవి అయి ఉండాలి. అర టన్ను తరగతి, అంటే తేలిక రకం పికప్‌లో ఈ ఇంజన్ వేసి, ముందు భాగం అలాగే వదిలేసిన బండిని ఒకసారి నడిపాను. మలుపులో స్టీరింగ్ తిప్పాక బండి ఒక క్షణం ఆలోచించి తిరిగింది. డీజిల్‌కు మ్యానిఫోల్డ్ వాక్యూమ్ (ఇంజన్ గాలి పీల్చే గొట్టంలో పుట్టే పీల్పు) ఉండదు కాబట్టి, బ్రేకు తొక్కే కాలికి సాయపడే పాత వాక్యూమ్ బ్రేక్ బూస్టర్‌కు వేరే పంపు పెట్టాలి, లేదా పవర్ స్టీరింగ్ ద్రవంతో పనిచేసే హైడ్రో బూస్టర్‌కు మారాలి. ఈ ఒక్క సంగతి మరచిపోయి వర్క్‌షాపు గేటు దగ్గరే బ్రేకు రాతిగోడలా గట్టిపడిపోవడం చూసి నివ్వెరపోయినవారున్నారు.

యాక్సిల్ నిష్పత్తి కూడా ఇక్కడ తిరగబడుతుంది. 2,500 దగ్గర ఆగిపోయే డీజిల్‌కు ఓవర్‌డ్రైవ్ లేకుండా 4.10 గేర్లు వేస్తే గంటకు 90 కిలోమీటర్లకే ఇంజన్ హద్దుకు చేరుతుంది. 3.54 లాంటి నిష్పత్తి, ఎన్‌వీ4500 లాంటి ఐదు గేర్ల బలమైన మాన్యువల్ గేర్‌బాక్స్ దీనికి సరైన జత. పంపు సవరించి శక్తి పెంచేవారు టర్బోకు ముందు ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత కొలిచే పైరోమీటర్ తప్పకుండా పెట్టాలి. పొడవైన ఎత్తు మీద 700 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకుండా కాలు వెనక్కి తీయడం నేర్చుకోవాలి, ఎందుకంటే అల్యూమినియం పిస్టన్ తన బాధను ముందుగా చెప్పదు.

వారానికి రెండుమూడుసార్లు నాలుగు టన్నులకు మించి లాగేవారికి, ముప్పావు టన్ను లేదా ఒక టన్ను తరగతి చాసిస్ ఉన్నవారికి ఈ శ్రమ అంతా సార్థకమే. నెలకు ఒకసారి పడవనో, గుర్రాల ట్రైలర్‌నో తీసుకెళ్లేవారికి ఇది అనవసరపు తలనొప్పి.

ఇంజన్ మారినా మారని అంకెలు

ఏ ఇంజన్ వేసినా బండి తలుపు మీద ఉన్న గరిష్ఠ బరువు అంకె, హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద ఉన్న అంకె, యాక్సిల్ అంకె మారవు. అమెరికాలో తయారీదారులు లాగే సామర్థ్యాన్ని ప్రకటించడానికి అనుసరించే ఎస్‌ఏఈ జె2807 ప్రమాణంలో ఒక పరీక్ష ఉంది: ఎండాకాలపు వేడిలో, ఏసీ పూర్తిగా నడుస్తుండగా, అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తును పూర్తి లోడుతో గంటకు 64 కిలోమీటర్లకు తగ్గకుండా ఎక్కాలి. అదే ప్రమాణంలో బ్రేకులు, పట్టు, స్థిరత్వం కూడా పరీక్షిస్తారు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడుతుంది, అంటే నాలుగు టన్నుల ట్రైలర్ వెనుక కమాన్ల మీద 400 నుంచి 600 కిలోలు మోపుతుంది. అంత బరువుకు చాసిస్ ఒప్పుకోకపోతే ఇంజన్ మార్చే బదులు బరువైన తరగతి బండి వెతకడమే సరి. ఇంజన్ మార్పిడిని రిజిస్ట్రేషన్ పత్రాల్లో నమోదు చేయించడం, పొగ పరీక్ష నియమాలు కూడా పని మొదలుపెట్టే ముందే తెలుసుకోవాలి. కొన్నిచోట్ల కొత్త ఇంజన్ బండి మోడల్ సంవత్సరానికి సమానమైనదో, దాని తర్వాతిదో అయి, దాని కాలుష్య నియంత్రణ భాగాలన్నీ దానితోనే ఉండాలని నిబంధన ఉంటుంది.

ఏ దారి ఎంచుకున్నా గేర్‌బాక్స్‌కు విడిగా కూలర్, దాని ఆయిల్ ఉష్ణోగ్రత చూపే మీటరు వేయించాలి. ఆయిల్ వేడి 80 డిగ్రీల దగ్గర ఉన్నంతసేపు గేర్‌బాక్స్ హాయిగా ఉంటుంది. అక్కడి నుంచి ప్రతి 11 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సగమవుతుందన్నది గేర్‌బాక్స్ మెకానిక్‌లు వాడే పాత లెక్క. కొత్త ఇంజన్‌తో మొదటి 800 కిలోమీటర్లు ట్రైలర్ తగిలించకుండా, ఒకే వేగంలో గంటల తరబడి పోకుండా తిప్పి, ఆయిల్ మార్చి, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ బోల్టులు, మౌంట్లు మరోసారి బిగించాలి. ఆ తర్వాత మొదటిసారి లోడు తగిలించేటప్పుడు సగం బరువుతో, తెలిసిన ఒక ఎత్తు మీద, పక్కన ఒకరిని కూర్చోబెట్టి మీటర్ల అంకెలు కాగితం మీద రాయించుకోండి. తర్వాత ఎప్పుడైనా ముల్లు కాస్త అటూ ఇటూ అయినప్పుడు పోల్చుకోవడానికి ఆ కాగితమే మీ దగ్గర ఉండే అసలు కొలత.